పడవ మోటారులో పెన్సిల్ రాత

ఆ ఆదివారం పొద్దున ఎలిజబెత్ చాయ్ గిన్నె దించుతుండగా వాకిట్లో ఏదో బరువు దింపిన చప్పుడైంది. వెళ్లి చూస్తే గోనెసంచిలో పాత పడవ మోటారు. దింపిన మనిషి అప్పటికే సందు మలుపు తిరుగుతున్నాడు. ఆ నడక ఆమెకు తెలియనిదా, మరిది తోమాసుది.

అన్నదమ్ములకు మాటల్లేక తొమ్మిదేళ్లు. మిషన్ దొర ఊరు విడిచిపోతూ వాళ్ల నాయనకిచ్చిన సీమ మోటారు అది. దాంతోనే తోమాసు గోదావరి మీద పడవ నడిపేవాడు. ఒక వానాకాలం ఇరవై మందితో నడి ఏట్లో ఆగిపోయింది. దేవుడి దయ, అందరూ ఒడ్డున పడ్డారు. కల్తీ నూనె పోసి నాయన మోటారును చంపావని రేవులో పదిమంది ముందు తమ్ముణ్ని నానా మాటలన్నాడు ఎలిజబెత్ భర్త దేవసహాయం. బొగ్గుగనిలో పంపుల ఫిట్టరు, ఆయన మాటకు ఎదురేముంది! తోమాసు నోరు విప్పలేదు. ఆనాటి నుంచి తెడ్లే వేశాడు. ఇప్పుడు బెల్లంపల్లిలో పని దొరికిందని పడవ అమ్మేసి, మధ్యాహ్నం రైలుకు ఇల్లు ఖాళీ చేసి పోతున్నాడు.

రైలెక్కకముందు ఒక్కసారి పోయి పలకరించమని ఎలిజబెత్ బతిమాలింది. దేవసహాయం పానాలు తీసుకుని మోటారు ముందు కూర్చున్నాడు.

“ముందు దీని పొట్ట ఇప్పుత. వాడు పోసిన మడ్డి నీ కండ్లతోని చూడు. అప్పుడు చెప్పు తప్పెవనిదో.”

“మడ్డి దాంట్ల ఉన్నదో లేదో గని, నీ కడుపుల మాత్రం తొమ్మిదేండ్ల సంది ఉన్నది,” అందామె.

ఆయన విప్పిన బోల్టునల్లా వరస తప్పకుండా గోనెసంచి మీద పేర్చాడు. క్రాంకు ఇరుసును మూసే కేసు రెండు ఇనుప చెక్కలనూ చెక్కసుత్తితో మెల్లగా తట్టి విడదీశాడు.

లోపల మడ్డి చుక్క లేదు. క్రాంకు కడిగిన వెండి గిన్నెలా మెరిసింది. వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరిగింది. ముప్పై ఏళ్లుగా యంత్రాలు విప్పిన మనిషి నోరు తెరిచి చూస్తుండిపోయాడు. ఎంత ఓపికతో చేశాడో దీన్ని తయారుచేసిన మహానుభావుడు! చెక్కల అంచులు ఎంత నున్నగా ఉన్నాయంటే, ఒకదానికొకటి ఆనిస్తే మధ్య వెంట్రుక కూడా దూరదు.

మరి ఆ మధ్యలో సందు మూసే ఈ అట్ట ప్యాకింగ్ ఎందుకుంది?

అంచున పెన్సిల్‌తో ‘దే’ అని, పడవ ఆగిన ఏడాది తేదీ. గనిలో ఎవరు జాయింటు మూసినా ప్యాకింగ్ మీద అక్షరం, తేదీ రాస్తారు, రేపు జవాబు చెప్పుకోవడానికి. ఆ అక్షరం తనదే. ఆ వానాకాలానికి ముందు, నీళ్లు దూరకుండా ఉంటుందని, గని పంపులకు వేసినట్టే తానే దీనికీ ప్యాకింగ్ వేశాడు. ఆ అట్ట మందానికి చెక్కలు ఎడమై, సందులోంచి గాలి దూరి, లోపలి బిగువు పోయి మోటారు ఆగింది. మోటారును చంపింది తన చెయ్యే.

ఆ రాత కింద ఇంకో అక్షరం. ‘తో’. తేదీ, పడవ ఆగిన వారానికి.

విప్పి మూసినవాడు సంతకం పెట్టాలని తమ్ముడికి నేర్పింది తానే. తోమాసు అప్పుడే విప్పాడు. చూశాడు. మళ్లీ అట్లాగే మూశాడు.

దేవసహాయం అట్టముక్క జేబులో పెట్టుకుని చెప్పులు కూడా మరిచి పరుగెత్తాడు. స్టేషన్‌లో ట్రంకు పెట్టె మీద కూర్చున్న తమ్ముడి ముందు దాన్ని పట్టుకుని, కన్నీళ్లు కారుతుండగా నిలబడ్డాడు.

“ఎందుకు చెప్పలేదురా?”

తోమాసు లేచి నిలబడ్డాడు. అన్న కాళ్ల మీది దుమ్ము చూశాడు. అతని కళ్లూ నిండాయి.

“అది తీస్తే మోటారు తిరుగుతుండె అన్నా. తిరిగితే రేవుల అందరికి ఎరుకైతుండె. పంపుల ఫిట్టరు తప్పు చేసిండని నా ముందర ఎవడన్న అంటే నేను పడుదునా? తెడ్లు ఏసుడు అలవాటైన పనే.”

దేవసహాయం తమ్ముడి చేతులు విప్పి చూశాడు. తొమ్మిదేళ్ల తెడ్ల కాయలు. వాటిని మొహానికి ఆనించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రైలు వెళ్లిపోయింది, తోమాసు ఎక్కలేదు.

సాయంత్రం ఇద్దరూ కలిసి మోటారు బిగించారు, ఈసారి అట్ట లేకుండా ఇనుముకు ఇనుము ఆనించి. పేరు రాయడానికి దేవసహాయం పెన్సిల్ తీశాడు గానీ, రెండు చెక్కల మధ్య చోటే లేదు.