పొగ రాని బండి

"చేపలు పడుతున్నాయా?"

"ఒక్కటి పడింది. అదీ పిల్లది."

కోడ్ సరిపోయింది. ఏజెంట్ ఆర్విడ్ టోర్సన్ గుడిసెలోకి దూరి తలుపు మూశాడు. గడ్డకట్టిన లేక్ ఆఫ్ ది వుడ్స్ సరస్సు మీద ఇలాంటి చేపల గుడిసెలు బోలెడు. అందులో ఒకటి గూఢచారి డిపార్ట్‌మెంట్ ఆఫీసని చేపలకు కూడా తెలియదు. చీఫ్ రోల్ఫ్ చేతిలో గాలం వదలకుండానే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"మార్లిస్ క్యూపిలా తెలుసుగా?"

"మంచు బళ్ల టూ-స్ట్రోక్ ఇంజిన్లకు ఆయిల్ చేసే కెమిస్ట్."

"మైనస్ నలభైలోనూ చిక్కబడని ఆయిల్ చేసింది. ఇవాళ ఆఖరి టెస్ట్. అనుకున్న అంకెలొస్తే సాయంత్రమే పేటెంట్ దరఖాస్తు. ఉన్నది ఒక్క సీసా. అది పోతే మళ్లీ చెయ్యడానికి నెల పడుతుంది. గ్లేసియర్ ముఠాకి దొరికిందో, వారంలో గుట్టు విప్పి తమ పేరున పేటెంట్ వేసేస్తారు."

"అప్పుడు?"

"తన ఆయిల్ తను అమ్ముకున్నా ఆవిడే దొంగ. ఊళ్లో ఫ్యాక్టరీకి తాళం. అందుకే మన ఏజెంట్ కొరిన్‌ని కాపలా పెట్టాను, పేటెంట్ లాయర్ వేషంలో."

ఆర్విడ్‌కు చటుక్కున గుర్తొచ్చింది. నిన్న కొరిన్ హ్యాండ్‌బ్యాగులో ఒక లిప్‌స్టిక్ చూశాడు. అందులో రేడియో ఉంది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిందే అనుకున్నాడు.

"సార్, మనం లిప్‌స్టిక్ రేడియోలు ఇస్తున్నామా?"

"మన బడ్జెట్‌కా?" అన్నాడు చీఫ్. అని, గాలం వదిలేశాడు.

ఆర్విడ్ తన మంచు బండి, స్నోమొబైల్ మీద ఒడ్డుకు దూసుకెళ్లాడు. అక్కడ తన షెడ్డులోనే మార్లిస్ కుర్చీకి కట్టేసి ఉంది. నోట్లో గుడ్డ తీయగానే అరిచింది.

"నా సంగతి తర్వాత, సీసా పట్టుకుపోయింది! నా పాత రేసు బండి వేసుకుని పోయింది, ఆ తెల్లకోటు మహాతల్లి!"

"ఎటు?"

"కెనడా వైపు. విమానం వస్తుందని లిప్‌స్టిక్‌తో మాట్లాడింది. ట్యాంకు ఎండిపోయి ఉంటే ఆ ఎర్ర డబ్బా మొత్తం వంచేసింది."

"డబ్బాలో ఏముంది?"

"ఒట్టి పెట్రోలు. ఆయిల్ నేను బయల్దేరే ముందు కలుపుకుంటాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రకం ఇంజిన్‌కు విడిగా ఆయిల్ ఉండదు. పెట్రోల్లో కలిపి పోయకపోతే లోపల ఇనుము ఇనుమును పట్టేస్తుంది. ఆర్విడ్ బయటికి తొంగి చూశాడు. దూరంగా బండి పోతోంది. ఆయిల్ కలిపి ఉంటే రావలసిన పొగ వెనక లేదు.

"పట్టేస్తుంది, కానీ విమానం దాకా పోయాక పట్టేస్తేనో?" అంటూ మార్లిస్ ఇంకో పెట్రోలు డబ్బా అందుకుని అతని వెనక ఎక్కి కూర్చుంది. దిగమన్నా దిగలేదు.

మంచు మీద విమానం కనిపించింది. ప్రొపెల్లర్ తిరుగుతోంది. ఆర్విడ్ తుపాకీ తీశాడు.

"కాల్చకు! సీసా పగిలిందంటే నేను చచ్చినట్టే!"

తుపాకీ లోపల పెట్టేశాడు. కొరిన్ కోటు రెక్కలు గాలికి లేస్తున్నాయి. విమానం తలుపు తెరుచుకుంది. ఎవరో చెయ్యి చాచారు. మార్లిస్ వేళ్లు అతని భుజంలో దిగబడ్డాయి.

ముందున్న ఇంజిన్ ఒక్కసారి కీచుమంది. బండి చచ్చి ఆగిపోయింది.

కొరిన్ స్టార్టర్ తాడు లాగింది. కదల్లేదు. దూకి పరుగెత్తింది. ఆర్విడ్ తన బండిని అడ్డంగా తిప్పి ఆమెకూ విమానానికీ మధ్య ఆపాడు. చాచిన చెయ్యి వెనక్కి వెళ్లింది. విమానం ఎవరి కోసమూ ఆగలేదు.

కొరిన్ కోటు జేబులోంచి మార్లిస్ సీసా లాక్కుని గుండెకు హత్తుకుని ఏడ్చేసింది. తర్వాత ముక్కు తుడుచుకుని థర్మామీటర్ చూసింది.

"మైనస్ నలభై ఒకటి. ఇంతకన్నా మంచి టెస్టింగ్ స్టేషన్ ఎక్కడ దొరుకుతుంది? నీ బండి ట్యాంకు ఖాళీ చెయ్యి అబ్బాయ్."

తెచ్చిన డబ్బా పెట్రోల్లో సీసాలోది కొలిచి కలిపి అతని ట్యాంకులో పోసింది. ఆర్విడ్ పట్టేసిన బండిని తాడుతో తన బండికి కట్టి, దాని మీద సంకెళ్లతో కొరిన్‌ను కూర్చోబెట్టాడు. అంత బరువు లాగుతూ ఇంజిన్ ఒడ్డు దాకా ఒక్కసారి కూడా తడబడలేదు. సాయంత్రానికి దరఖాస్తు వెళ్లిపోయింది.

కొరిన్‌కు మాత్రం మంట చల్లారలేదు. "పెట్రోల్లో ఆయిల్ కలపాలన్న రహస్యం నాకెవడూ చెప్పి చావలేదు!" అంది.

"అది రహస్యం కాదమ్మా," అంది మార్లిస్. "నువ్వు తిప్పి తీసిన ట్యాంకు మూత మీదే రాసుంది."