ఆపరేషన్ చాలు

"ఇవాళ ఒక ప్యాచ్ లోపలికి వెళ్తుంది. అది మందుపాతర. ఆపు," అన్నాడు చీఫ్ రామలింగేశ్వరరావు ఇయర్‌పీస్‌లో.

"ఏ ప్యాచ్ సార్?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతాను?"

ఏజెంట్ ఫణికి ఒళ్ళు మండింది. సూరత్‌లో వలస తెలుగు నేతగాళ్ళ మరమగ్గాల షెడ్డు, గళ్ళ లుంగీ, అంటించిన మీసం, దాని కింద దురద. ఓపెన్ సోర్స్ అంటేనే తలుపుల్లేని ఇల్లు. ఎవడైనా ప్యాచ్ అనే మార్పు రాసి పంపొచ్చు. రివ్యూయర్ చదివి ఓకే అంటే మెయింటెయినర్ మర్జ్ కొట్టి అసలు ప్రోగ్రాంలో కలుపుతాడు. ఈ ప్రోగ్రాం మెయింటెయినర్ పరమేశ్. మగ్గాలు నడిపి ఆపడానికి రాసి ఊరికే పంచిపెట్టాడు. ఊరి పక్కనే హజీరాలో ఒక గ్యాస్ ప్లాంటూ వాల్వుల కోసం దాన్నే వాడుతోంది. మర్జ్ కొట్టగానే మార్పు అక్కడి ప్యానెల్‌కి చేరిపోతుంది. ఈ షిఫ్టులో ఆ ప్యానెల్ ముందున్నది పరమేశ్ భార్య అనురాధ.

పొద్దున పరమేశ్ మగ్గాన్ని మెల్లగా తిప్పి చూస్తుంటే ఫణి లుంగీ అంచు అందులో చిక్కింది. "చాలు! చాలు!" అని ఫణి అరిచాడు. పరమేశ్ ఫుల్ స్పీడ్‌లో స్విచ్ వేశాడు. సగం లుంగీ మగ్గం మింగేసింది.

"చాలూ చెయ్యమని నువ్వే అంటివి గదనే!" అన్నాడు పరమేశ్ అమాయకంగా.

చీఫ్ లైన్ కట్టవగానే హైహీల్స్ టకటకలాడిస్తూ రివ్యూయర్ ఉదయశ్రీ వచ్చింది. విదేశీ ముఠా దగ్గర జీతం, ఫణి డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు. ఆమెను రెండువైపులా నమ్మరు.

"ఇవాళ్టివన్నీ ఓకే చేశాను పరమేశ్," అంటూ నల్లకళ్ళద్దాల మీదుగా ఫణిని చూసి నవ్వింది.

ఫణి మీసం పీకేశాడు. "ఇంటెలిజెన్స్. లాప్‌టాప్ ఇటు తిప్పు."

పెన్ను స్కానర్ ప్రతి లైనూ తడిమింది. పచ్చలైటు. మళ్ళీ తడిమింది. మళ్ళీ పచ్చే.

"చూసినవా సార్? కోడంతా సాఫ్. మిగిలింది బటన్ల మీద తెలుగు పేర్లే. తెలుగే గద, దాన్నేం చూస్తం?" అంటూ పరమేశ్ మర్జ్ మీదికి వేలు తెచ్చాడు.

ఫణి చదివాడు. వాల్వ్ మూసే బటన్: చాలు. తెరిచే బటన్: వదులు. బెజవాడ బుర్రకి తప్పేమీ తోచలేదు. ఇంతలో చిరిగిన లుంగీలోంచి మోకాలికి ఫ్యాన్ గాలి తగిలింది. పొద్దున తన అరుపుకి మగ్గం ఎలా పరుగెత్తిందో గుర్తొచ్చింది.

"చా..." అనబోయి నాలుక కరుచుకున్నాడు. "బంద్! బంద్ చెయ్!"

వేలు కీ మీదే ఆగింది.

"గ్యాస్ లీకైతే మీ ఆవిడ ఏది నొక్కుతుంది?"

పరమేశ్ కీ మీంచి వేలు లాక్కున్నాడు. "చాలూ అంటే నడిపియ్యమని గద... దాన్ని ముట్టదు. 'వదులు' అంటే ఆపేసి వదిలెయ్యమన్నట్టున్నది గదా అని రెండోది నొక్కుతది. అవ్వో, అనురాధా!"

"ఇవాళ లీకు చెయ్యడానికి ముఠా మనిషి ప్లాంటు లోపలే ఉన్నాడు," అంది ఉదయశ్రీ తాపీగా.

"మరి నువ్వెందుకు ఓకే కొట్టావు?"

"కొట్టకపోతే వాళ్ళు నన్ను కొట్టేవాళ్ళు. పట్టుకోవడం నీ ఉద్యోగం."

పరమేశ్ ప్యాచ్‌ని రిజెక్ట్ చేసి, కింద కారణం రాశాడు: 'తెలుగు మంచిగుంది. సూరత్‌ది కాదు.' ఫణి పంపిన కబురుతో ప్లాంటులో ముఠా మనిషి దొరికాడని తెలిశాక గానీ అతను అనురాధతో ఫోన్ పెట్టెయ్యలేదు.

ఫణి చీఫ్‌కి అంతా చెప్పాడు.

"చాలు," అన్నాడు చీఫ్.

పెట్టె సర్దుకోవాలో, మళ్ళీ మీసం అంటించుకోవాలో ఫణికి ఒక క్షణం పాలుపోలేదు.