గరాజ్ దాటిన షాబ్లీ

"ద్రాక్ష పేరు రాయడానికి అంత సిగ్గెందుకండీ వీళ్ళకి?"

పర్సిస్‌తో నా మొదటి మాట అదే.

షామ్‌బర్గ్‌లో ఒక వైన్ షాపు. మా మేనేజర్ ఫేర్‌వెల్‌కి బాటిల్ కొనే పని నా నెత్తిన పడింది. నాకేమో వైన్ తాగేవాళ్ళంటేనే మంట. గ్లాసు తిప్పుతారు, కళ్ళు మూస్తారు, లేనిదేదో ఉందంటారు. ఉన్నవాళ్ళ నాటకం. కౌంటర్ వెనక తెలుగు మొహం కనపడేసరికి ఆ మంటంతా అక్కడ కక్కేశాను.

ఆమె చేతిలో ఫ్రెంచ్ వైట్ వైన్. లేబుల్ మీద 'షాబ్లీ' అని ఊరి పేరే ఉంది, ద్రాక్ష ఊసే లేదు.

"బందరు లడ్డూని మీరు శనగపిండి లడ్డూ అని అడుగుతారా?" అంది తాపీగా.

ఆ బాటిలే కొన్నాను. తర్వాతి శనివారం ఏ ఫేర్‌వెల్లూ లేకపోయినా వెళ్ళాను. ఆ తర్వాతి శనివారం కూడా.

నాలుగు వారాల్లో అండీలు పోయాయి, సంగతులు తెలిశాయి. వాళ్ళది బందరే. అమ్మ విమలకుమారికి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే, తన ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళతో ఈ దేశానికొచ్చింది. నాన్న జోసఫ్ నేపర్‌విల్ తెలుగు చర్చిలో పెద్ద, చుక్క ముట్టని మనిషి. ఈమె సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం వదిలేసి వైన్ పట్టుకుంది. వాసన, రుచి చూసి రాసే పరీక్ష ఒకటుంది. ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పితే షాపు మానేసి మళ్ళీ టెస్టింగ్‌కి వెళ్తానని నాన్నకి మాటిచ్చింది.

తప్పిన పేపర్ చూపించింది. కింద ఎవరో రాశారు, ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి, నీ ముక్కుకి ఏం తగిలిందని.

"ఏం తగిలింది మరి?" అన్నాను.

"పుస్తకంలో ఉన్నదే తగలాలి కదా దివాకర్."

నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు వాళ్ళ ఊళ్ళ వాసనలు రాసుకున్నారు, నీకు ఊరు లేదా, ముక్కు కూడా అద్దెకి తెచ్చుకున్నావా అని అరిచాను. పది రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు మెసేజ్. బుధవారమే పరీక్షట. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రా, షాబ్లీ తీసుకురా, చల్లగా ఉండాలి అని.

చల్లగా అంటే నాకు తెలిసింది ఫ్రీజర్. పొద్దున్నే పరోటా ప్యాకెట్ల కింద దూర్చాను.

వాళ్ళింట్లోకి వైన్ రాకూడదు. గరాజ్ వరకే పర్మిషన్. లాన్ మోవర్ పక్కన మడత బల్ల, రెండు గ్లాసులు. పోసింది, ముక్కు పెట్టింది, నా వైపు చూసింది.

"చంపేశావు. ఇంత చలికి ఐసు వాసన కూడా లేదు."

తిడుతుందనుకున్నాను. గ్లాసుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, చలికి ముడుచుకున్న పిట్టని పట్టుకున్నట్టు కూర్చుంది. రెండో గ్లాసు నాకిచ్చి అలాగే పట్టుకోమంది. బయట సన్నగా వాన.

పావుగంటకి నా గ్లాసు నిద్ర లేచింది. ముందు నిమ్మతొక్క. తర్వాత పచ్చి యాపిల్. ఒక గుక్క తాగాను. తీపి లేదు, బుజ్జగింపు లేదు. సూటిగా వచ్చి నాలుక అంచున ఉప్పు పెట్టి పోయింది. ఇంత నిజం చెప్పేది ఏదీ నేను తాగలేదు. నాటకమన్న నోరే ఇంకో గుక్క అడిగింది.

"ఇంకోటుంది, పేరు రావట్లేదు," అంది పర్సిస్. "పుస్తకంలో తడిరాయి అని ఉంది."

"ఏ రాయి? నువ్వు చూసిన రాయి చెప్పు."

మళ్ళీ ముక్కు పెట్టింది, పేరు రాలేదు. కళ్ళలో నీళ్ళు.

వెనక జోసఫ్ అంకుల్. మోవర్ మీద కవర్ కప్పడానికి వచ్చి ఎప్పటినుంచి నిలబడ్డారో. "వందనాలు బాబూ," అని నాకు చెప్పి, "ఇటివ్వమ్మా. తాగను. చూస్తాను," అన్నారు.

వాసన చూశారు. మళ్ళీ చూశారు. కళ్ళద్దాలు తీసేశారు.

"గుల్ల సున్నం," అన్నారు. "మా నాన్న బట్టీ."

వాళ్ళది గవ్వలూ చిప్పలూ కాల్చి సున్నం చేసే కుటుంబమట. క్రిస్మస్ ముందు చర్చి గోడలకి వెల్ల వేసేవాళ్ళట. వేసిన గోడ మీద నీళ్ళు చల్లితే ఇదే వాసనట. పర్సిస్ అప్పుడు చెప్పింది, చిన్నప్పుడు ఆ తడిగోడకి ఆనుకుని కొత్త గౌను పాడుచేసుకున్నానని.

"డాడీ, షాబ్లీ నేలంతా గుల్లలే. పదిహేను కోట్ల ఏళ్ళ కిందటి సముద్రం. వాసన దాన్నుంచే వస్తుందా అని వైన్ వాళ్ళు ఇంకా కొట్టుకుంటున్నారు."

"కొట్టుకోనీ," అన్నారాయన గ్లాసు వదలకుండా.

బుధవారం పేపర్ మీద ఆమె రాసింది: బందరు చర్చి గోడ, గుల్ల సున్నం, తడి.

పాసయింది. నాకు ఫోన్ చేసి ఆ మాట చెప్పలేదు, వేరే మాట చెప్పింది. "ఇకనుంచి శనివారాలు బాటిల్ కొనకుండా కూడా రావచ్చు."

"ఆదివారాలో?"

"డాడీ అడిగారు. ఫ్రీజర్ అబ్బాయిని భోజనానికి పిలువు అని."

ఆదివారం షాబ్లీతో వెళ్ళి అలవాటుగా గరాజ్ వైపు తిరిగాను. జోసఫ్ అంకుల్ ముందు తలుపు తీసి, బాటిల్ నా చేతిలోంచి తీసుకుని, తాకి చూశారు. చల్లదనం సరిపోయింది. తనే లోపలికి మోసుకెళ్ళి అన్నం గిన్నె పక్కన పెట్టారు.