హర్షవర్ధన్ జేబులో పెన్ను

"డిస్కు సరిగ్గా పదకొండింటికి చేతులు మారుతుంది," అన్నాడు చీఫ్ శ్రీరామమూర్తి. "నేవీ రాడార్ కోడ్‌లన్నీ అందులోనే ఉన్నాయి. విదేశీ ముఠా పెర్సిస్‌ని తమ మనిషే అనుకుంటోంది. డిస్కు పడవలోకి రాగానే ఆవిడ చేతిగాజులోని బీకన్ నొక్కుతుంది. కొల్లేరులో ఆ పూట రెండొందల పడవలుంటాయి. ఏ పడవో ఆ సిగ్నలే చెప్పాలి. డీల్ అయ్యాక పెర్సిస్‌లాంటి మధ్యవర్తిని బతకనివ్వడం ఆ ముఠాకి అలవాటు లేదు."

ఏజెంట్ సాల్మన్ తలూపాడు. డబుల్ ఏజెంట్ పెర్సిస్ అతని భార్య. చేపల వ్యాపారి వేషం వేసినా సరే, ఒకసారి చూసినవాళ్లు మళ్లీ తిరిగి చూసే అందం. సాల్మన్‌కి భయం పుట్టాలి కదా? కుళ్లు పుట్టింది, ఏం చేస్తాం! కారణం కొత్త ఇంజనీర్ హర్షవర్ధన్. ఏలూరు ఆఫీసులో అతను వేసిన జోకుకి పెర్సిస్ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. పన్నెండేళ్ల కాపురంలో మొగుడి జోకుకి అలా నవ్విన పాపాన పోలేదు. ఆ సాయంత్రమే సాల్మన్ హర్షవర్ధన్‌కి ఒక పెన్ను బహుమతిగా ఇచ్చాడు. లోపల మైక్, ట్రాన్స్‌మిటర్. ఐదు రోజులుగా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటున్నాడు, సిగ్గు లేకుండా.

కొల్లేరు అంచున మండవల్లి దగ్గర, చేపల చెరువు గట్టు మీది మేత షెడ్డులో ముగ్గురూ కాచుకుని ఉన్నారు. పదకొండుకి రెండు నిమిషాలు. హర్షవర్ధన్ అప్పుడే బిగించిన డిజిటల్ రిసీవర్ స్క్రీన్ మీద ఎర్రలైటు వెలిగింది.

"ఏడీసీ ఓవర్‌లోడ్ అండి!"

"అంటే?" అన్నాడు చీఫ్.

"యాంటెన్నా పట్టిన అలని కొలిచి అంకెలుగా మార్చేది అదేనండి. దాని కొలతకి మించిన అల వస్తే పైన తెగ్గోసేస్తుంది. మేడంగారి సిగ్నల్ చాలా సన్నం, ఆ గందరగోళంలో కొట్టుకుపోతుందండి."

"గెయిన్ తగ్గించవయ్యా!"

"సిగ్నల్‌ని పెంచేదే అదండి, తగ్గిస్తే మేడంగారిది సున్నాలో కలిసిపోతుందండి. ఎవరో మన పక్కనే ట్రాన్స్‌మిట్ చేస్తున్నారు!"

ఆ మాట సాల్మన్‌కి రెండుసార్లు వినిపించింది. ఎదురుగా ఒకసారి, ఇయర్‌ఫోన్‌లో ఒకసారి. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. చెబితే ఉద్యోగం, పరువు రెండూ పోతాయి. చెప్పకపోతే పెర్సిసే పోతుంది.

పదకొండు కొట్టింది.

సాల్మన్ ఒక్క అంగలో వెళ్లి హర్షవర్ధన్ జేబులోంచి పెన్ను లాగి బూటు కింద వేసి తొక్కాడు. వైర్లు బయటపడ్డాయి. చీఫ్ నోరు తెరిచాడు. ఎర్రలైటు ఆరిపోయింది.

"వచ్చిందండి! పడవ జీపీఎస్ లెక్క ఇదిగో!"

సాల్మన్ స్పీడ్‌బోట్ ఆ పడవని చేరేసరికి ముఠా నాయకుడు డిస్కు జేబులో వేసుకుని పెర్సిస్ నుదుటికి పిస్టల్ గురిపెట్టాడు. సాల్మన్ తుపాకీ ఒక్క క్షణం ముందు పేలింది. పిస్టల్ నీళ్లలో పడింది, నాయకుడు చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు.

గట్టెక్కగానే చీఫ్ సాల్మన్‌ని మూడు నెలలు సస్పెండ్ చేశాడు. సాల్మన్ భార్యకి అంతా దాచకుండా చెప్పేశాడు.

"ఛీ! నన్ను అనుమానించారా?"

"అనుమానం కాదు పెర్సీ, అసూయ. చచ్చేంత అసూయ. నన్ను క్షమించు."



"ఇంతకీ ఐదు రోజులూ ఏం విన్నారండీ?"

"క్రికెట్టు. వాళ్లమ్మగారు కాచే ఉలవచారు. నీ పేరే ఎత్తలేదు."

పెర్సిస్ మొహం ముడుచుకుంది.

"ఒక్కసారి కూడానా?"