ముందుగా ఆరిన చోటు

"దీన్ని ఇక్కడ పెట్టేసి వెళ్తాను. మూడింటికొచ్చి తీసుకుంటా," అంది టామ్సిన్, వానకు తడిసిన కోటు విప్పకుండానే.

"కుదరదు," అన్నాడు బల్ల వెనక కుర్రాడు, తలెత్తకుండా. "తెచ్చినవాళ్లు పనయ్యేదాకా పక్కనే కూర్చోవాలి. రిపేర్ కఫే రూలు."

"నాకు బోలెడు పనులున్నాయి!"

"అయితే కొత్త లాప్‌టాప్ కొనుక్కోండి."

టామ్సిన్‌కి ఒళ్లు మండింది. సముద్రపొడ్డున ఉన్న బర్నీలాంటి చిన్న ఊళ్లో ఇంత పొగరుమోతు ఒకడున్నాడని ఆమెకిన్నాళ్లూ తెలియనే లేదు. కానీ అవసరం తనది. ధుమధుమలాడుతూ కుర్చీ లాక్కుంది.

అతని పేరు ఫెర్గస్. వారమంతా పడవల ఇంజన్లతో కుస్తీ, శనివారం చర్చి హాల్లో ఈ ఉచిత రిపేర్ల సేవ. లాప్‌టాప్ మూత విప్పి, దాన్ని నడిపించే లాజిక్ బోర్డు బయటికి తీస్తే, దాంతోపాటు రెండు బియ్యపు గింజలు రాలాయి.

"టీ ఒలికిందా?"

"మీకెలా తెలుసు?"

"ఒలికిస్తేనే కదా తడి పీలుస్తుందని బియ్యంలో పాతిపెడతారు! బియ్యం వండుకోడానికే అని మొత్తుకున్నా ఈ ఊరు వినదు."

నవ్వబోయిన టామ్సిన్‌కి ఏడుపొచ్చింది. "ఇందులో ఆరేళ్లుగా నేను రాసిన పెంగ్విన్ల లెక్కలున్నాయి. వాటి గూళ్లున్న ఒడ్డున కార్ పార్కింగ్ కడతారట. సోమవారం కౌన్సిల్లో లెక్క చూపించకపోతే అంతే సంగతులు."

"కాపీ లేదా?"

"రేపు తీద్దాం, రేపు తీద్దాం అనుకుంటూ..."

ఫెర్గస్ ఈసారి తలెత్తి చూశాడు. "ఫైళ్లుండే చిప్ కూడా ఈ బోర్డుకే అతికించి ఉంది. ఇది బతికితేనే అవి దక్కుతాయి. బతికిద్దాం."

మీటరు ఆనించగానే కుయ్‌మంది. ఎక్కడో షార్ట్. బోర్డంతా స్పిరిట్ రాసి, కాస్త కరెంటు ఇచ్చాడు. "పాడైన ముక్క వేడెక్కుతుంది. తడి ముందు అక్కడే ఆరుతుంది. కళ్లార్పకండి."

ఇద్దరూ ఒకేసారి వంగారు. తలలు ఠపీమని కొట్టుకున్నాయి.

"అదిగో!" అంది టామ్సిన్, నుదురు రుద్దుకుంటూనే. నువ్వుగింజంత కెపాసిటర్.

"నేను వేడిగాలి కొడతా. చిన్న పట్టకారుతో మీరు తీయండి. అదొక్కటి లేకపోయినా బోర్డు నడుస్తుంది."

"రెండూ మీరే చెయ్యలేరా?"

"ఇవాళ చెయ్యి వణుకుతోంది."

"కాఫీ ఎక్కువైందా?"

"కాఫీ వల్ల కాదు," అన్నాడు ఫెర్గస్. చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె ఊపిరి బిగబట్టి ఆ గింజను లాగేసింది. అతను స్విచ్ నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది, తెర వెలిగింది. ఆరేళ్ల లెక్కలూ పదిలంగా ఉన్నాయి. టీ కాస్తున్న డల్సీ బామ్మ గంట మోగించింది. బాగైన ప్రతి వస్తువుకూ అక్కడ గంట కొడతారు. టామ్సిన్ అందరి ముందూ ఫెర్గస్‌ని కావిలించుకుని, తర్వాత సిగ్గుపడింది.

సోమవారం కౌన్సిల్ పార్కింగ్‌ను వేరే చోటికి మార్చింది. మంగళవారం పొద్దు గూకే వేళ ఫెర్గస్ ఒడ్డుకొచ్చాడు, వెలుగుకి పెంగ్విన్లు బెదరకుండా టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని మరీ.

"అరగంట ఉండి వెళ్తాను," అన్నాడు.

"కుదరదు. లెక్క అయ్యేదాకా పక్కనే కూర్చోవాలి. మా రూలు."

నురగలోంచి పెంగ్విన్లు బుడిబుడి అడుగులేస్తూ వస్తున్నాయి. "పన్నెండు, పదమూడు..."

"టామ్సిన్, నువ్వంటే నాకు చాలా ఇష్టం."

ఆమె అతని వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. పెంగ్విన్లు వాటి దారిన అవి గూళ్లకు పోయాయి.

"ఎన్నొచ్చాయి?" అన్నాడు.

"తెలీదు. ఆరేళ్లలో మొదటిసారి లెక్క తప్పింది," అంది టామ్సిన్ అతని చెయ్యి పట్టుకుని. "నీ వల్లే. రేపు కూడా వచ్చి కూర్చోవాలి."