మెట్ల కింద అలమరలో అక్క గొంతు

ఆ ఇంట్లో మెట్ల కింద అలమరకి మంచి పేరు లేదు. తలుపు మూసే ఉంటుంది... లోపల మాత్రం ఎవరో ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. పిల్లల బంతి అటు దొర్లిందంటే, ఇక ఆ బంతి మీద ఆశ వదులుకోవడమే.

వాళ్ళమ్మకి ఇలాంటివాటి మీద నమ్మకం లేదట. అయినా అందులోంచి చీపురో చెప్పులో కావాలంటే పగలే తీసి బయట పెట్టుకునేది. జాగ్రత్త మంచిది కదా!

అది చలికాలం. సాయంత్రానికే చీకటి పడింది. భర్త ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. ఎక్కడో సముద్రాల అవతల ఆమె అక్కకి ఆ రోజే ఆపరేషన్. కన్నతల్లి పోయాక ఆమెని పెంచింది ఆ అక్కే. "చిన్న ఆపరేషనే, కంగారుపడకు" అంది. కంగారుపడకు అంటే ఆగే మనిషా ఈమె? పొద్దుటి నుంచీ ఫోన్ చేస్తూనే ఉంది. అవతల ఎవరూ ఎత్తడం లేదు.

పిల్లలకి అన్నం పెడుతుండగా కరెంటు పోయింది.

ఇల్లంతా నిశ్శబ్దం... ఆ నిశ్శబ్దంలో, మెట్ల కింద నుంచి—

"చిన్నీ... పిల్లల్ని చీకట్లో మెట్లెక్కనివ్వకు..."

అక్క గొంతు!

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పోయేవాళ్ళు చివరిసారి ఒక మాట చెప్పి పోతారంటారు...

"అమ్మా," కూతురు గుసగుసలాడింది, "పెద్దమ్మ ఆస్పత్రిలో కదా ఉంది?"

"ఊ..."

"మరి చెప్పుల అలమరలోకి ఎందుకొచ్చింది?"

 ఆమె వెళ్ళి తలుపు పట్టుకుంది. "అక్కా... వెళ్ళిపోయావా?"

తలుపు తీసింది.

చెప్పుల అరలో పాత ల్యాప్‌టాప్! మూత విరిగిందని ఎప్పుడో పక్కన పడేసినదే. లోపల బుల్లి ఫ్యాను ఊపిరి తీస్తోంది. పక్కనే బ్యాటరీ పెట్టె మీద వైఫై దీపాలు మిణుకుమంటున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. పిల్లల ఫొటోలూ వీడియోలూ అన్నీ ఇందులో దాచానని, కరెంటు పోయినా ఆగదని, పోగానే హెచ్చరిక చెబుతుందని భర్త గంటసేపు వివరించాడు. "ఉత్త బీప్ పెడితే నువ్వు లెక్కచెయ్యవు. నువ్వు భయపడేది మీ అక్క గొంతుకే. ఆవిడ చేతే చెప్పించి పెట్టాను" అని కూడా అన్నాడు. ఆమె పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేస్తూ అన్నిటికీ ఊ కొట్టింది.

సరే, ఈ గొంతు యంత్రంలో దాచినది. మరి అసలు అక్క?

నడుముకి దోపుకున్న ఫోన్ మోగింది. ఇల్లంతా చీకటైనా వైఫై బతికే ఉంది. అక్క నంబరే. కానీ ఆ ఫోన్లోంచి ఇప్పుడు మాట్లాడబోయేది ఎవరు?... కళ్ళు మూసుకుని నొక్కింది.



"అక్కా?"

"నేనేనే... ఇందాకే మెలకువొచ్చింది," నీరసంగా అంది అక్క. "నలభైసార్లు చేశావటగా? నర్సు నవ్వుతోంది."

 ఆమె ఆ అలమర ముందే కూలబడి ఏడ్చేసింది.

అంతలో అలమర మళ్ళీ గొంతెత్తింది: "చిన్నీ... పిల్లల్ని చీకట్లో మెట్లెక్కనివ్వకు..."

అది ఫోన్లో అక్కకీ వినబడింది.

"ఎవరే ఆ ముసలావిడ?" అంది అక్క అనుమానంగా. "మీ అత్తగారు ఎప్పుడొచ్చారు?"