అర జీబీ ఆపరేషన్

"పడవలో నూట నలభై మంది. విదేశీ ముఠా బాంబు పెట్టింది. కదిపినా, పదకొండు దాటినా పేలుతుంది. ఆపడానికి నాలుగంకెల కోడ్ కావాలి. అది వాళ్ల షిప్పింగ్ ఆఫీసులోని పాత కంప్యూటర్‌లో ఒక ఫైలులో ఉంది. ఆ మెషీన్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. పదకొండింటిలోపు తెరవాలి," అన్నాడు చీఫ్.

"పడవలో మనవాళ్లెవరైనా ఉన్నారా సార్?"

"మీ బావ."

ఏజెంట్ పాతికేళ్ల సర్వీసులో ఎన్నో చూశాడు, కానీ అక్క మొగుడి ప్రాణం తన చేతిలో పడటం ఇదే మొదలు. మెకానిక్ చొక్కా తొడుక్కున్నాడు. వేషం దొంగదే అయినా మోకాళ్ల నొప్పులు మాత్రం అసలైనవే.

షిప్పింగ్ ఆఫీసులో ఎర్రచీర సెక్రటరీ కళ్లెత్తి చూసింది. ముఠా జీతం తింటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. మారుపేరు నెమలి.

"ప్రింటర్ దగ్గుతోందా?" అన్నాడు.

"జ్వరం కూడా ఉంది," అందామె. సంకేతం సరిపోయింది. "మా బాస్ టీకి వెళ్లాడు. త్వరగా కానివ్వండి."

కంప్యూటర్‌లో ఉన్నదల్లా అయిదు వందల పన్నెండు ఎంబీ మెమరీ, అంటే అర జీబీ. ఫైలు నొక్కాడు. తెరమీద ఇసుక గడియారం తిరగడం మొదలుపెట్టింది. టైము పదీ నలభై తొమ్మిది.

వాల్‌పేపర్ తీశాడు. స్టార్టప్‌లో కూర్చున్న అడ్డమైన ప్రోగ్రాములన్నీ ఆపాడు. ఊహూఁ. టాస్క్ లిస్టు తెరిస్తే అసలు దొంగలు దొరికారు. మెమరీలో ముప్పాతిక మింగేస్తున్నవి నాలుగు నిఘా ప్రోగ్రాములు.

"ఇది మా బాస్ నా మీద పెట్టింది," అంది నెమలి, ఒకదాన్ని చూపిస్తూ.

"పాపం, ఆయన ఒక్కటే పెట్టాడు. మిగతా మూడూ మనవే."

ముఠా మీద టెక్నికల్ వింగ్ ఒకటి పెట్టింది. టెక్నికల్ వింగ్ మీద విజిలెన్స్ ఇంకొకటి పెట్టింది. విజిలెన్స్ మీద ఆడిట్ వాళ్లు మూడోది పెట్టారు. స్క్రూడ్రైవర్ పిడిలో దాచిన ఫోన్ తీసి చీఫ్‌కు చేశాడు.

"మన ప్రోగ్రాములు తీసేయాలంటే మూడు సంతకాల ఫారం కావాలయ్యా," అన్నాడు చీఫ్.

"మా అక్కకు ఆ ఫారమే చూపించమంటారా సార్?"

 ఏజెంట్‌కు కోపం రావాలి, కానీ కోప్పడే ఓపిక కూడా లేదు. లైను కట్ చేసి నాలుగింటినీ వరసగా తీసిపారేశాడు.

ఫైలు తెరుచుకుంది. టైము పదీ యాభై తొమ్మిది. పడవలో బాంబు పక్కనే ఉన్న బావకు ఫోన్ కలిపాడు.

"ఏడు, సున్నా, మూడు, మూడు. కొట్టు బావా!"

 గోడ గడియారం పదకొండు కొట్టింది.

"ఆగిందిరా," అన్నాడు బావ. "మీ అక్కకు చెప్పకు. ఆఫీసులో ఉన్నానని చెప్పొచ్చాను."

ఏజెంట్ కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. నెమలి అతని టూల్ బ్యాగు సర్ది చేతికిచ్చింది. మెట్లు దిగుతుండగా చీఫ్ ఫోన్.

"శభాష్. కానీ అనుమతి లేకుండా తీసినందుకు సంజాయిషీ ఇవ్వాలి. ఫారం పంపిద్దామని ఇందాకటి నుంచీ తెరుస్తున్నాను, ఇక్కడా ఇసుక గడియారమే తిరుగుతోంది."

ఏజెంట్ నిట్టూర్చి బ్యాగు భుజాన వేసుకున్నాడు.

"వస్తున్నాను సార్, మీ మెషీన్‌లోని నిఘా ప్రోగ్రాములూ తీసేస్తాను. ఈసారి మాత్రం ఆ మూడు సంతకాలూ ముందే పెట్టించి ఉంచండి."